యూనిట్ – 7: గర్భకాల సమస్యలు – జరాయువు – శిశువు మెదడు ఎదుగుదల

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రవేశిక
7.2 జరాయువు – నిర్మాణం, పనులు
7.3 గర్భంలో మెదడు ఎదుగుదల – కాలక్రమం
7.4 గర్భకాల సమస్యలు – మెదడుకు చేరే దారులు
7.5 నెలలు నిండకముందే కాన్పు
7.6 నివారణ, సంరక్షణ
7.7 అన్వయం: ఒక కార్డును చదువుదాం
7.8 తల్లిని నిందించవచ్చా?
7.9 సారాంశం
7.10 పదకోశం
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• జరాయువు ఎలా ఏర్పడుతుందో, ఏయే పనులు చేస్తుందో వివరించగలుగుతారు.
• గర్భకాలంలో మెదడు ఎదుగుదల దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• రక్తపోటు, రక్తహీనత, మధుమేహం, అంటువ్యాధులు, పొగాకు – ఇవి ఒక్కొక్కటి శిశువు మెదడును ఏ దారిలో తాకుతాయో గుర్తించగలుగుతారు.
• గర్భిణి ఆరోగ్య కార్డులోని అంకెలకు శిశువు మెదడుతో ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.

7.1 ప్రవేశిక

వసంత పంచమి నాడు బాసర వెళ్ళినవారికి ఆ దృశ్యం తెలిసే ఉంటుంది. గోదావరిలో స్నానం చేసి, పలకా బలపం పట్టుకొని, చిన్నపిల్లల్ని చంకనెత్తుకొని తల్లిదండ్రులు జ్ఞాన సరస్వతి ఆలయం ముందు బారులు తీరతారు. పిల్లవాడి వేలు పట్టి మొదటి అక్షరం దిద్దిస్తారు. చదువు ఆ రోజే మొదలైందని సంతోషిస్తారు.

అయితే ఆ వేళ్ళను కదిలించే మెదడు, ఆ అక్షరాన్ని గుర్తుపెట్టుకొనే మెదడు తయారవడం తల్లి కడుపులోనే మొదలైంది. ఆ నిర్మాణానికి కావలసిన ఆక్సిజన్, చక్కెర, ఇనుము, కొవ్వులు దాదాపు అన్నీ ఒకే ఒక అవయవం గుండా బిడ్డకు చేరాయి. బిడ్డ పుట్టిన అరగంటలోపు ఆ అవయవం కూడా బయటకు వచ్చేసింది. దానిని ఎవరూ మళ్ళీ తలచుకోలేదు. శాస్త్రపరిభాషలో దాని పేరు జరాయువు. ఇళ్ళలో మనం 'మాయ' అంటాం.

గర్భిణికి వచ్చే సమస్యలు బిడ్డ తెలివితేటలను దెబ్బతీస్తాయా అని చాలామంది అడుగుతారు. దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పలేం. చాలా సమస్యల ప్రభావం బిడ్డ మెదడుకు నేరుగా చేరదు, జరాయువు గుండా చేరుతుంది. జరాయువు కొంత భారాన్ని తాను మోస్తుంది, కొంతవరకు సర్దుకొంటుంది, శక్తికి మించినప్పుడు ఓడిపోతుంది. ఏ సమస్య, ఏ నెలలో, ఎంత తీవ్రంగా వచ్చింది, ఎంత త్వరగా గుర్తించాం అన్నదానిపై ఫలితం ఆధారపడుతుంది. అందువల్ల గర్భిణికి బీపీ చూడటం, రక్తపరీక్ష చేయడం పుట్టబోయే బిడ్డ మెదడును కాపాడే పని కూడా. ఈ యూనిట్‌లో ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇదే.

7.2 జరాయువు – నిర్మాణం, పనులు

7.2.1 నిర్మాణం

ఫలదీకరణ జరిగిన సుమారు 6–7 రోజులకు పిండం గర్భాశయం గోడకు అతుక్కొంటుంది. పిండాన్ని చుట్టి ఉండే ట్రోఫోబ్లాస్ట్ అనే కణాల పొర ఆ గోడలోకి చొచ్చుకుపోయి జరాయువుగా పెరుగుతుంది. జరాయువులో ఎక్కువ భాగం బిడ్డ వైపు కణాలతోనే తయారవుతుంది. తల్లి వైపు నుంచి గర్భాశయపు లోపొర దానితో కలుస్తుంది.

నెలలు నిండేసరికి జరాయువు మందపాటి జొన్నరొట్టె ఆకారంలో ఉంటుంది. వ్యాసం సుమారు 20–22 సెం.మీ., మధ్యలో మందం 2–2.5 సెం.మీ., బరువు దాదాపు అరకిలో. దాని లోపల చెట్టు కొమ్మల్లా చీలిన చూషకాలు ఉంటాయి. వాటన్నిటి ఉపరితలాన్ని పరిస్తే 11–13 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న గది నేల అంత వస్తుంది. చూషకాల లోపల బిడ్డ రక్తం, వెలుపల తల్లి రక్తం ప్రవహిస్తాయి. మధ్యలో పలచని పొర ఉంటుంది. రెండు రక్తాలూ సాధారణంగా కలవవు. ఆ పొర గుండా ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది.

7.2.2 రక్తనాళాలు వెడల్పు కావడం

జరాయువుకు తల్లి రక్తాన్ని తెచ్చేవి గర్భాశయం గోడలోని సర్పిల ధమనులు. ఇవి నూటికి పైగా ఉంటాయి. గర్భానికి ముందు ఇవి సన్నగా, మెలికలు తిరిగి, కండరంతో బిగిసి ఉంటాయి. ట్రోఫోబ్లాస్ట్ కణాలు వీటి గోడల్లోకి వెళ్ళి కండరాన్ని తొలగించి, వీటిని గరాటు మూతిలా వెడల్పు చేస్తాయి. మొదటి మూడు నెలల్లో మొదలయ్యే ఈ పని దాదాపు 20 వారాలకు పూర్తవుతుంది.

ఈ మార్పు ఎందుకు అవసరమో మన ప్రాంతపు ఉదాహరణతో చూద్దాం. బాసరకు దిగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది. అక్కడి నీరు కాకతీయ కాలువ ద్వారా కరీంనగర్ వైపు పొలాలకు వెళుతుంది. పొలంలోకి నీరు వెడల్పాటి కాలువలో నెమ్మదిగా వస్తే మడి అంతా తడుస్తుంది. అదే నీటిని సన్నని గొట్టంలోంచి ఒత్తిడితో వదిలితే పడిన చోట గుంట పడుతుంది, మట్టి కోసుకుపోతుంది, మడి చివర తడవదు. సర్పిల ధమనులు వెడల్పు కానప్పుడు జరాయువులో జరిగేది ఇదే. రక్తం చిమ్ముతున్నట్లు వచ్చి సున్నితమైన చూషకాలను దెబ్బతీస్తుంది. కొన్ని చోట్లకు సరిగా అందదు.

7.2.3 పనులు

జరాయువు పుట్టకముందు బిడ్డకు ఊపిరితిత్తి, పేగు, మూత్రపిండం చేయవలసిన పనులన్నీ చేస్తుంది. ఆక్సిజన్, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు, ఇనుము, అయోడిన్ బిడ్డకు పంపుతుంది. వ్యర్థాలను తల్లి రక్తంలోకి తిరిగి పంపుతుంది. తల్లిలోని రక్షకదేహాలను, ముఖ్యంగా చివరి నెలల్లో, బిడ్డకు చేరవేస్తుంది.

ఇది హార్మోన్లను కూడా తయారుచేస్తుంది. మెదడు ఎదుగుదలలో వీటికి నేరుగా పాత్ర ఉందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. పిండం ముందుమెదడుకు తొలిదశలో అవసరమైన సెరటోనిన్ జరాయువు నుంచే వస్తుందని 2011లో ఎలుకల మీద జరిగిన పరిశోధన చూపింది. అల్లోప్రెగ్ననొలోన్ అనే హార్మోనును జరాయువు తయారుచేయకుండా ఆపితే చిన్నమెదడులోని శ్వేతపదార్థంలో తేడాలు వచ్చాయని 2021లో మరో ఎలుకల పరిశోధన తెలిపింది. ఎలుకలో కనిపించినదంతా మనిషికి వర్తిస్తుందని అనుకోరాదు. అయితే జరాయువు సరుకు మోసే దారి మాత్రమే కాదని, మెదడు నిర్మాణంలో తానూ పాల్గొంటుందని ఈ పరిశోధనల వల్ల తెలుస్తున్నది.

తల్లి మానసిక ఒత్తిడికి లోనైనప్పుడు పెరిగే కార్టిసోల్‌లో ఎక్కువ భాగాన్ని జరాయువులోని ఒక ఎంజైమ్ నిర్వీర్యం చేస్తుంది. జరాయువు దెబ్బతిన్నప్పుడు ఈ కాపలా కూడా బలహీనపడుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
(అ) సర్పిల ధమనులు వెడల్పు కాకపోతే జరాయువులో ఏం జరుగుతుంది?
(ఆ) జరాయువు చేసే పనులలో నాలుగింటిని పేర్కొనండి.

7.3 గర్భంలో మెదడు ఎదుగుదల – కాలక్రమం

మెదడు అన్ని నెలల్లో ఒకే తీరుగా పెరగదు. ఒక్కో దశలో ఒక్కో పని జరుగుతుంది.

3–4 వారాలు: నాడీ నాళం ఏర్పడి, ఫలదీకరణ తరువాత సుమారు 28వ రోజుకు మూసుకొంటుంది. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని అప్పటికి తెలియదు. ఫోలిక్ ఆమ్లాన్ని గర్భానికి ముందు నుంచే వాడాలనడానికి కారణం ఇదే.

2–5 నెలలు: నాడీకణాలు పెద్ద సంఖ్యలో పుడతాయి. పుట్టిన చోటు నుంచి మస్తిష్క వల్కలంలోని తమ స్థానాలకు ప్రయాణిస్తాయి. బిడ్డ థైరాయిడ్ గ్రంథి పూర్తిగా పనిచేసే వరకు ఈ పనికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. అది కూడా జరాయువు గుండానే వస్తుంది. తల్లికి అయోడిన్ చాలకపోతే ఈ దశ దెబ్బతింటుంది.

6వ నెల నుంచి: నాడీకణాల మధ్య సంధులు పెరుగుతాయి. నున్నగా ఉన్న మెదడు ఉపరితలం ముడతలు పడుతుంది. నాడీతంతువులకు మయెలిన్ తొడుగు వేసే కణాలు సిద్ధమవుతాయి. 24–32 వారాల మధ్య ఈ కణాలు చాలా సున్నితంగా ఉంటాయి. ఆక్సిజన్ కొరత, వాపు వీటిని సులభంగా దెబ్బతీస్తాయి.

చివరి రెండు నెలలు: మెదడు అత్యంత వేగంగా పెరుగుతుంది. 35 వారాలకు దాని బరువు, నెలలు నిండినప్పటి బరువులో సుమారు మూడింట రెండు వంతులే. బిడ్డ శరీరంలో ఇనుము నిల్వ, మెదడుకు కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం నిల్వ చాలావరకు ఈ కాలంలోనే చేరతాయి.

ఈ క్రమం తెలిస్తే ఒకే సమస్య వేర్వేరు నెలల్లో వేర్వేరు ఫలితాలను ఎందుకు ఇస్తుందో అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన ఆహార కొరత ఏర్పడింది. కరవు తీవ్రంగా ఉన్న రోజుల్లో గర్భంలో పడిన పిల్లల్లో నాడీ నాళ లోపాలు, పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా ఎక్కువగా కనిపించాయి. అదే కరవును గర్భం చివరి నెలల్లో ఎదుర్కొన్న పిల్లల్లో ముఖ్యంగా పుట్టినప్పటి బరువు తగ్గింది.

7.4 గర్భకాల సమస్యలు – మెదడుకు చేరే దారులు

7.4.1 అధిక రక్తపోటు, ప్రీ-ఎక్లాంప్సియా

20 వారాల తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దానిని ప్రీ-ఎక్లాంప్సియా అంటారు. ప్రోటీన్ లేకపోయినా కాలేయం, మూత్రపిండాలు వంటివి దెబ్బతింటున్న గుర్తులుంటే అదే నిర్ధారణ చేస్తారు. ఇది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దలు గుర్రపువాతం అనేవారు.

త్వరగా, అంటే 34 వారాల లోపు వచ్చే రకానికి మూలం చాలావరకు సర్పిల ధమనులు సరిగా వెడల్పు కాకపోవడమే. ఒత్తిడికి గురైన జరాయువు, రక్తనాళాల ఆరోగ్యాన్ని దెబ్బతీసే ప్రోటీన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది. తల్లికి కనిపించే వాపు, తలనొప్పి, చూపు మసకబారడం వీటి ఫలితాలు. బిడ్డ వైపు ఆక్సిజన్, పోషకాలు తగ్గి ఎదుగుదల మందగిస్తుంది.

అప్పుడు బిడ్డ శరీరం ఒక ఏర్పాటు చేసుకొంటుంది. కాలువలో నీరు తగ్గినప్పుడు రైతులు కొన్ని మడులను ఎండబెట్టి ముఖ్యమైన మడికి నీరు మళ్ళించినట్లు, బిడ్డ శరీరం చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు రక్తం తగ్గించి మెదడుకు, గుండెకు మళ్ళిస్తుంది. డాప్లర్ స్కాన్‌లో వైద్యులు ఈ మళ్ళింపును చూడగలరు. ఇది బిడ్డ ప్రాణాన్ని కాపాడుతుంది, కాని మెదడుకు పూర్తి రక్షణ కాదు. ఇలా ఎదుగుదల తగ్గిన పిల్లల్లో కొందరికి తరువాత ఏకాగ్రత, భాష, కదలికల విషయంలో ఇబ్బందులు కనిపించవచ్చు.

7.4.2 రక్తహీనత, సికిల్ సెల్

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్న తక్కువ ఉంటే రక్తహీనత, 7 కన్న తక్కువ ఉంటే తీవ్ర రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ గ్రామంలో ప్రతి ఇద్దరు గర్భిణుల్లో ఒకరికి ఈ సమస్య ఉండే అవకాశం ఉంది.

తల్లిలో ఇనుము తగ్గితే జరాయువు ఇనుమును పట్టుకొనే గ్రాహకాలను పెంచుకొని వీలైనంత లాగుతుంది. తల్లికి కొద్దిపాటి కొరత ఉన్నా బిడ్డకు అందుతూనే ఉంటుంది. కొరత తీవ్రమైతే మాత్రం చాలదు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. అందిన కొద్దిపాటి ఇనుమును బిడ్డ శరీరం ముందుగా ఎర్రరక్తకణాల తయారీకి వాడుకొంటుంది. మెదడు వంతు ఆ తరువాతనే. కాబట్టి పుట్టిన బిడ్డలో రక్తం బాగానే ఉన్నా మెదడుకు ఇనుము కొరత ఉండవచ్చు. జ్ఞాపకశక్తికి కేంద్రమైన హిప్పోక్యాంపస్, మయెలిన్ తొడుగు ఇనుము మీద బాగా ఆధారపడతాయి.

ఆదిలాబాద్ ప్రాంతంలోని గోండు, కొలాం తదితర ఆదివాసీ సమాజాల్లో సికిల్ సెల్ జన్యువు కనిపిస్తుంది. ఈ వ్యాధి ఉన్న గర్భిణిలో ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి జరాయువులోని రక్తప్రవాహానికి అడ్డుపడతాయి. అక్కడక్కడ కణజాలం చచ్చిపోతుంది. బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకముందే కాన్పు ఎక్కువగా ఉంటాయి. ఒక్క జన్యువు మాత్రమే ఉన్నవారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. భార్యాభర్తలిద్దరికీ ఒక్కొక్క జన్యువు ఉంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది. దాని కింద పరీక్షలు చేస్తున్నారు.

7.4.3 గర్భకాల మధుమేహం

తల్లి రక్తంలోని అదనపు చక్కెర జరాయువు దాటుతుంది, ఇన్సులిన్ దాటదు. బిడ్డ తన ఇన్సులిన్‌నే ఎక్కువగా తయారుచేసుకొని, ఆ చక్కెరను కొవ్వుగా మార్చుకొని లావెక్కుతుంది. ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. దానికోసం ఎర్రకణాలు ఎక్కువగా తయారవుతాయి, ఇనుము అటువైపే ఖర్చవుతుంది. అంటే బొద్దుగా పుట్టిన బిడ్డ మెదడులో కూడా ఇనుము కొరత ఏర్పడవచ్చు. కాన్పు తరువాత తల్లి నుంచి వచ్చే చక్కెర ఒక్కసారిగా ఆగిపోతుంది. బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. అందువల్ల తొలి గంటల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వెంటనే తల్లిపాలు పట్టించడం, చక్కెర పరీక్షించడం మెదడు రక్షణకు అవసరం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చేసే పరీక్షలో 140 లేదా ఎక్కువ వస్తే గర్భకాల మధుమేహంగా పరిగణిస్తారు.

7.4.4 అంటువ్యాధులు

రుబెల్లా, జికా వంటి కొన్ని వైరస్‌లు జరాయువును దాటి నేరుగా బిడ్డ మెదడును చేరతాయి. ఫాల్సిపారం మలేరియా తీరు వేరు. ఆ పరాన్నజీవి ఉన్న ఎర్రకణాలు జరాయువులో పేరుకొని, అక్కడ వాపు కలిగించి, పోషకాల రవాణాను తగ్గిస్తాయి. అడవి ప్రాంతాల గర్భిణుల్లో జ్వరాన్ని తేలికగా తీసుకోరాదనడానికి కారణం ఇదే. ఉమ్మనీటి పొరలకు, జరాయువుకు బాక్టీరియా సోకితే తయారయ్యే వాపు రసాయనాలు ముందస్తు కాన్పుకు దారితీస్తాయి. అవి బిడ్డ మెదడులోని శ్వేతపదార్థాన్ని కూడా దెబ్బతీయగలవు.

7.4.5 పొగాకు – బీడీ పని

నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో వేలాది స్త్రీలకు బీడీలు చుట్టడం జీవనాధారం. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఒళ్ళో చాట పెట్టుకొని గంటల తరబడి చుడతారు. బీడీ తాగని స్త్రీ కూడా చర్మం ద్వారా, పీల్చే దుమ్ము ద్వారా నికోటిన్‌ను గ్రహిస్తుంది. పొగాకు పని చేసేవారి మూత్రంలో నికోటిన్ ఆనవాళ్ళను మన దేశంలోని పరిశోధకులు గుర్తించారు. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది, జరాయువును సులభంగా దాటుతుంది, ఎదుగుతున్న నాడీకణాల గ్రాహకాలకు అతుక్కొంటుంది. ఇంట్లో మగవారు బీడీ తాగితే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తం మోసే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది.

పని మానేయమనడం సులభం, ఇల్లు గడవడం కష్టం. కనీసం గాలి ఆడే చోట కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం, వండే గదిలో, పడుకొనే గదిలో పొగాకు ఉంచకపోవడం ద్వారా కొంత తగ్గించవచ్చు. గర్భకాలంలో పొగాకు నింపే పని కుటుంబంలో మరొకరు చేస్తే ఇంకా మంచిది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
(అ) కొరత ఉన్నప్పుడు బిడ్డ శరీరం ఇనుమును ఏ క్రమంలో వాడుకొంటుంది?
(ఆ) బొద్దుగా పుట్టిన బిడ్డ మెదడుకు కూడా ప్రమాదం ఎందుకు ఉండవచ్చు?

7.5 నెలలు నిండకముందే కాన్పు

37 వారాలకు ముందు జరిగే కాన్పును ముందస్తు కాన్పు అంటారు. పైన చెప్పిన సమస్యల్లో చాలావాటికి ఇది చివరి మజిలీ. బిడ్డ జరాయువు రక్షణను ముందుగానే కోల్పోతుంది. కొన్నిసార్లు, ముఖ్యంగా తీవ్రమైన ప్రీ-ఎక్లాంప్సియాలో, కాన్పు చేయడమే తల్లీబిడ్డల ప్రాణాలకు మార్గం. అది వైద్యులు లాభనష్టాలు తూచి తీసుకొనే నిర్ణయం.

కారణం లేకుండా తొందరపడటం వేరే విషయం. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగాయి. కరీంనగర్ జిల్లాలో అది 80 శాతాన్ని దాటింది. వీటిలో అవసరమైనవి ఉన్నాయి. మంచి నక్షత్రం, మంచి ముహూర్తం చూసుకొని వారం పది రోజులు ముందుకు జరిపినవీ ఉన్నాయి. 7.3లో చెప్పినదాన్ని గుర్తుచేసుకోండి. చివరి వారాల్లో మెదడు వేగంగా పెరుగుతూ ఉంటుంది. వైద్యపరమైన కారణం లేనప్పుడు 39 వారాలు నిండకముందు ఆపరేషన్ చేయరాదన్నది వైద్యశాస్త్రం అంగీకరించిన నియమం. అక్షరాభ్యాసానికి ముహూర్తం చూసుకోవడంలో తప్పు లేదు. అక్షరాలు నేర్చే మెదడుకు మాత్రం దాని గడువును దానికి ఇవ్వాలి.

7.6 నివారణ, సంరక్షణ

గర్భానికి ముందు, తొలి మూడు నెలలు: ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు. నాడీ నాళ లోపం ఉన్న బిడ్డను ఇంతకుముందు కన్న స్త్రీలకు వైద్యులు ఎక్కువ మోతాదు ఇస్తారు. అటువంటివారిలో ఫోలిక్ ఆమ్లం ఈ లోపాలను 72 శాతం తగ్గించిందని 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన చూపింది. అయోడిన్ ఉప్పు వాడాలి. 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకోవాలి.

16 వారాల లోపు: గత కాన్పులో ప్రీ-ఎక్లాంప్సియా వచ్చినవారు, ముందు నుంచి రక్తపోటు, మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు ఆ విషయం వైద్యులకు తప్పక చెప్పాలి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. రోజుకు 150 మి.గ్రా. ఆస్పిరిన్ ముందస్తు ప్రీ-ఎక్లాంప్సియాను 62 శాతం తగ్గించిందని 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. దీనిని సొంతంగా వాడరాదు.

నాలుగో నెల నుంచి: 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర రోజుకు ఒకటి, కనీసం 180 రోజులు. కాల్షియం మాత్రలు కూడా వాడాలి. ఇనుము మాత్రను కాల్షియంతో కలిపి గాని, చాయ్‌తో గాని వేసుకోరాదు. నిమ్మరసంతో వేసుకొంటే బాగా ఒంటపడుతుంది. ఈ మాత్రలు వేసుకొంటే బిడ్డ నల్లగా పుడుతుందని, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని చెప్పే మాటల్లో నిజం లేదు. తక్కువ తినడం వల్ల నష్టపోయేది బిడ్డే.

ఆహారం: అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు రోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. రక్తహీనత ఎక్కువగా ఉన్న 9 జిల్లాల్లో 2022 డిసెంబరులో రాష్ట్రం పోషకాహార కిట్లను ప్రారంభించింది. వాటిలో ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఉన్నాయి.

ముందస్తు కాన్పు తప్పనప్పుడు: తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు పరిపక్వమవుతాయి, మెదడులో రక్తస్రావం తగ్గుతుంది. 32 వారాల లోపు కాన్పులో మెగ్నీషియం సల్ఫేట్ సెరిబ్రల్ పాల్సీ ముప్పును తగ్గిస్తుంది. ఈ రెండూ కాన్పుకు ముందు ఇవ్వవలసినవి. అందుకే సమయానికి పెద్దాసుపత్రికి చేరడం కీలకం.

పుట్టిన తరువాత: గర్భంలో జరిగిన నష్టమే తుది తీర్పు కాదు. పసిపిల్లల మెదడుకు సర్దుకొనే గుణం ఎక్కువ. తల్లి ఒంటికి ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ, తల్లిపాలు, బిడ్డతో మాట్లాడటం, ఆడించడం వల్ల స్పష్టమైన మేలు ఉంది. మన పొరుగున ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఇంటివద్దనే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. ఇప్పుడు ఆశా కార్యకర్తలు చేసే ఇంటి సందర్శనలకు ఆ పని ఒక పునాది. మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు ఆలస్యమైతే జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా ఉండే సత్వర గుర్తింపు, చికిత్సా కేంద్రానికి తీసుకుపోవాలి.

7.7 అన్వయం: ఒక కార్డును చదువుదాం

మీలో అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ఒక గర్భిణిని ఊహించుకోండి. రెండో కాన్పు, 26 వారాలు, బీడీలు చుడుతుంది. కార్డులో ఇలా ఉంది: హిమోగ్లోబిన్ 8.2, మొదటి సందర్శనలో బీపీ 110/70, ఇప్పుడు 132/86, మూత్రంలో ప్రోటీన్ జాడ, గత నెలకన్న బరువు పెరగలేదు. "నాకేం లేదు, కొంచెం అలసట అంతే" అంటుంది.

ఒక్కొక్క అంకెనే చూస్తే ఏదీ భయపెట్టదు. బీపీ 140/90 దాటలేదు. కాని అన్నీ కలిపి చదవండి. ఇనుము తక్కువ, ఆక్సిజన్ మోసే శక్తి తక్కువ, నికోటిన్ వల్ల నాళాల కుదింపు, పైకి పోతున్న బీపీ. నాలుగూ జరాయువు మీదనే భారం వేస్తున్నాయి. పైగా 24–32 వారాల సున్నితమైన కాలం. ఆమెను వచ్చే నెల దాకా ఆగమనడం సరికాదు. రెండు మూడు రోజుల్లో బీపీ, మూత్రపరీక్ష మళ్ళీ చేయించాలి. వైద్యుల చేత బిడ్డ ఎదుగుదల చూపించాలి. రక్తహీనతకు చికిత్స మొదలుపెట్టించాలి. తలనొప్పి, చూపు మసక, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలని ఆమెకే కాక అత్తకు, భర్తకు కూడా చెప్పాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షలను కూడా వినియోగించుకోవాలి.

7.8 తల్లిని నిందించవచ్చా?

ఈ యూనిట్ చదివాక ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. చదువులో వెనకబడిన పిల్లవాణ్ణి చూసి "కడుపుతో ఉన్నప్పుడు నువ్వే జాగ్రత్తపడలేదు" అని తల్లిని అనడం. ఇది శాస్త్రం చెప్పే మాట కాదు.

సర్పిల ధమనులు వెడల్పు కాకపోవడం ఆమె తప్పు కాదు. రక్తహీనత చాలాసార్లు ఆమె పుట్టింట్లో, బాల్యంలో, ఇంట్లో అందరూ తిన్నాక చివరన తినే అలవాటుతో మొదలైంది. బీడీ పని ఆమె కోరుకొన్నది కాదు. ఇంకో విషయం: ఇక్కడ చెప్పినవన్నీ ముప్పును పెంచే కారణాలు, ఖాయంగా జరిగే ఫలితాలు కావు. సమస్యలు వచ్చిన తల్లులకు పుట్టిన పిల్లల్లో చాలామంది మామూలుగానే ఎదుగుతారు. ఈ జ్ఞానం జరిగిపోయినదానికి బాధ్యుల్ని వెతకడానికి కాదు. ఇప్పుడు మీ ఎదుట కార్డు పట్టుకొని కూర్చున్న గర్భిణికి సమయానికి సాయపడటానికి.

7.9 సారాంశం

జరాయువు బిడ్డకు ఆక్సిజన్, పోషకాలు, హార్మోన్లు అందించి, మెదడు నిర్మాణంలో కూడా పాల్గొనే అవయవం. అధిక రక్తపోటు రక్తప్రవాహం ద్వారా, రక్తహీనత ఇనుము కొరత ద్వారా, మధుమేహం చక్కెర, ఇనుముల సమతౌల్యం ద్వారా, అంటువ్యాధులు వాపు ద్వారా, పొగాకు నాళాల కుదింపు ద్వారా మెదడును తాకుతాయి. ప్రభావం సమస్య వచ్చిన కాలం, తీవ్రత మీద ఆధారపడుతుంది. బీపీ, మూత్రం, హిమోగ్లోబిన్, చక్కెర పరీక్షలను సకాలంలో చేసి, ఫలితాలను కలిపి చదివితే ఎక్కువ నష్టాన్ని నివారించవచ్చు. పుట్టిన తరువాత చేసే సంరక్షణకు కూడా అంతే విలువ ఉంది.

7.10 పదకోశం

జరాయువు: గర్భాశయంలో తల్లికి, బిడ్డకు మధ్య వినిమయం జరిపే అవయవం, మాయ.
చూషకాలు: జరాయువులో కొమ్మల్లా చీలి, బిడ్డ రక్తనాళాలను కలిగి ఉండే భాగాలు.
సర్పిల ధమనులు: గర్భాశయం గోడ నుంచి జరాయువుకు రక్తం తెచ్చే మెలికల నాళాలు.
మయెలిన్ తొడుగు: నాడీతంతువుల మీది కొవ్వు పొర, సంకేతాల వేగాన్ని పెంచుతుంది.
ప్రీ-ఎక్లాంప్సియా: 20 వారాల తరువాత అధిక రక్తపోటుతో పాటు మూత్రంలో ప్రోటీన్ లేదా అవయవాలు దెబ్బతిన్న గుర్తులు కనిపించే స్థితి.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గర్భకాల సమస్యలు జరాయువు ద్వారా శిశువు మెదడును ఎలా ప్రభావితం చేస్తాయో ఉదాహరణలతో వివరించండి.
2. గర్భంలో మెదడు ఎదుగుదల దశలను తెలిపి, సమస్య వచ్చిన కాలానికి ఉన్న ప్రాముఖ్యాన్ని చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆక్సిజన్ తగ్గినప్పుడు బిడ్డ శరీరం రక్తాన్ని ఎలా మళ్ళిస్తుంది? దాని పరిమితి ఏమిటి?
2. కారణం లేకుండా 39 వారాలకు ముందు ఆపరేషన్ ఎందుకు చేయరాదు?
3. మీ గ్రామంలో బీడీలు చుట్టే గర్భిణికి మీరు ఇచ్చే సలహాలు ఏమిటి?

III. చేసి చూడండి.
మీ దగ్గరలోని అంగన్‌వాడీ కేంద్రంలో ఇద్దరు గర్భిణుల అనుమతితో వారి కార్డులు చూడండి. పేర్లు రాయకుండా, 7.7లో చేసినట్లు అంకెలను కలిపి చదివి ఒక పుట నివేదిక రాయండి.